నీళ్లు పారే చోటు

ఇన్యో కౌంటీ పేరు మీరు విని ఉండకపోవచ్చు. చూసి మాత్రం ఉంటారు. 2008లో వచ్చిన 'ఐరన్ మ్యాన్'లో అఫ్గానిస్తాన్ అని చూపించిన బోడి కొండలు గుర్తున్నాయా? అవి కాలిఫోర్నియాలో, ఇన్యో కౌంటీలో, లోన్ పైన్ అనే చిన్న ఊరి పక్కనున్న అలబామా హిల్స్. 1939లో హాలీవుడ్ 'గంగా దిన్' తీసినప్పుడు ఇవే కొండలు బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దు అయ్యాయి. ఇక కౌబాయ్ సినిమాల సంగతి చెప్పక్కర్లేదు, వందల్లో తీశారిక్కడ. ఎవరి సరిహద్దు యుద్ధం కావాలన్నా ఈ కొండలే సెట్టింగు. ఈ కొండల చుట్టూ నిజంగా జరిగిన సరిహద్దు యుద్ధం ఒకటుంది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

నేను శాన్ హోసేలో ఉద్యోగం చేసిన రోజుల్లో రెండుసార్లు ఆ దారిన వెళ్లాను. మొదటిసారి లాంగ్ వీకెండ్‌కి నలుగురం కలిసి డెత్ వ్యాలీ బయల్దేరాం. దారిలో ఓవెన్స్ లేక్ అని బోర్డు ఉంది గానీ లేక్ లేదు. తెల్లటి ఉప్పు పొర, దాని మీద గాలికి లేస్తున్న దుమ్ము. కారు ఆపి ఫొటో తీసి, ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో 'ఇక్కడ ఏమీ లేదు' అని రాసి పెట్టాను. మా నాన్న వెంటనే 'మన అనంతపురంలా ఉందే' అన్నారు. సెలవులకి వెళ్లిన ప్రతిసారీ అనంతపురం చూసి నేను అనేది కూడా అదే మాట: ఏమీ లేదు.

ముందు లెక్కలు. విభజనకి ముందున్న పాత అనంతపురం జిల్లా దాదాపు 19,000 చదరపు కిలోమీటర్లు, జనాభా 40 లక్షలు. ఇన్యో 26,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. జనాభా? 19 వేలు. అక్షరాలా పందొమ్మిది వేలు. మా గేటెడ్ కమ్యూనిటీలు నాలుగు కలిపితే వచ్చే సంఖ్య. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితేనే కరువు సీమ అంటాం. ఇన్యోలోని ఓవెన్స్ లోయలో పడేది 130 దాకా, డెత్ వ్యాలీలో అందులో సగం కూడా లేదు. కారణం స్కూల్లో చదువుకున్నదే, వర్షచ్ఛాయ ప్రాంతం. పసిఫిక్ మీంచి వచ్చే మబ్బులన్నీ సియెర్రా నెవాడా పడమటి వైపే కురిసిపోతాయి. తూర్పు వైపు మిగిలేది పొడిగాలి.

అయితే ఆ కొండల మీద మంచు ఉంటుంది. అసలు కథ అంతా ఆ మంచులోనే ఉంది. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న అమెరికా రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం మౌంట్ విట్నీ, 4,421 మీటర్లు, ఈ కౌంటీ సరిహద్దు మీదే ఉంది. ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా పల్లమైన బ్యాడ్‌వాటర్, సముద్ర మట్టానికి 86 మీటర్ల దిగువన, ఇదే కౌంటీలో ఉంది. రెంటికీ మధ్య దూరం 140 కిలోమీటర్ల లోపే. సియెర్రా అంచు ఈ వైపు గోడలా నిటారుగా దిగుతుంది. వేసవిలో మంచు కరిగి ఆ గోడ మీంచి పదుల కొద్దీ వాగులు లోయలోకి దూకుతాయి. అంటే వాన లేని చోట నీళ్లున్నాయి. ఇదెవరు ముందు గమనించారు, ఎవరు ముందు వాడుకున్నారు అన్న ప్రశ్న చుట్టూ ఈ కౌంటీ చరిత్ర మొత్తం తిరుగుతుంది.

మామూలుగా మనకి చెప్పే కథ 1905లో మొదలవుతుంది. లాస్ ఏంజెలెస్ నగరం దొంగచాటుగా రైతుల దగ్గర భూములు కొని, నది మొత్తాన్ని కాలువలో పెట్టి పట్టుకుపోయింది, పచ్చటి లోయ ఎడారయ్యింది. మార్క్ రైస్నర్ 'క్యాడిలాక్ డెజర్ట్' చదివినవాళ్లకి ఇది తెలిసిన కథే. పొలాన్‌స్కీ 'చైనాటౌన్' చూసినవాళ్లకి దాని నీడ తెలుసు, ఆ సినిమా సంగతుల్ని 1930ల్లోకి జరిపేసినా సరే. ఈ కథ అబద్ధం కాదు. మధ్యలోంచి మొదలైన కథ, అంతే.

మొదలు వెతుక్కుంటూ వెళ్తే దొరికేది ఒక ఉద్యోగం పేరు: తువైజు. ఓవెన్స్ లోయ పయూట్‌ల గురించి ఆంత్రొపాలజిస్టు జూలియన్ స్టీవర్డ్ 1933లో ప్రచురించిన అధ్యయనంలో ఇది వస్తుంది. ఇప్పుడు బిషప్ అనే ఊరున్న చోట, బిషప్ క్రీక్ వాగు మీద, పయూట్‌లు ఏటా వసంతంలో రాళ్లూ కంపా మట్టీ వేసి అడ్డుకట్ట కట్టేవాళ్లు. అక్కణ్ణించి కాలువ తవ్వి మైళ్ల దూరం నీళ్లు పారించేవాళ్లు. వాగుకి ఉత్తరాన ఒక పెద్ద చెలక, దక్షిణాన ఒకటి. ఒక ఏడు దీనికి నీళ్లు, మరుసటి ఏడు దానికి. కట్ట కట్టడానికి అందరూ వస్తారు. నీళ్లు ఎటు మళ్లించాలో చూసే పని మాత్రం ఒక్కడిదే, వాణ్ణి ఏటా అందరూ కలిసి ఎన్నుకుంటారు. వాడే తువైజు. చేతిలో ఒక పొడుగాటి కర్ర, దాంతో నీళ్లని మళ్లిస్తుంటాడు.

ఇది చదివినప్పుడు నాకు ఇంగ్లిష్‌లో ఉన్న 'ఇరిగేటర్' అన్న మాట కంటే ముందు మా తాత నోట విన్న మాట తగిలింది: నీరుగంటి. తెలంగాణ మిత్రులు నీరటి అంటారు. చెరువు తూము దగ్గర కూచుని ఏ మడికి ఎంతసేపు అని తేల్చే మనిషి. మా ఊళ్లో చెరువు ఎండింది, ఆ పనీ పోయింది, మాట మాత్రం మిగిలింది.

పయూట్‌లు పారించింది వరికో గోధుమకో కాదు. గడ్డి గింజలకి, దుంపలకి. నహవీత అని ఉల్లిగడ్డలాంటి చిన్న దుంప ఒకటి. టబూస్ అని ఇంకొకటి. టబూస్ అంటే ఏంటా అని వెతికితే సైపరస్ జాతి మొక్క అని తేలింది, అంటే మన తుంగముస్తలకి దగ్గరి చుట్టం. మనం కలుపు అని పీకి గట్టున పారేసే తుంగకి అన్నదమ్ముడి వరస. దాన్ని వాళ్లు నీళ్లు పెట్టి పెంచుకుని, తవ్వి, ఎండబెట్టి, చలికాలానికి దాచుకునేవాళ్లు. లోయకి వాళ్లు పెట్టుకున్న పేరు పాయహూనాదు. నీళ్లు ఎప్పుడూ పారే చోటు అని అర్థం.

వచ్చిన తెల్లవాళ్లకి ఇది వ్యవసాయంలా కనబడలేదు. నాగలి లేదు, కంచె లేదు, విత్తడం లేదు. కనుక అడవి. కనుక ఖాళీ. నిజానికి అందరికీ కనబడలేదని కూడా అనలేం. 1859లో ఫోర్ట్ టెహోన్ నుంచి గుర్రాల దొంగల్ని వెతుక్కుంటూ కెప్టెన్ డేవిడ్సన్ అనే సైన్యాధికారి ఈ లోయకి వచ్చాడు. దొంగలు వీళ్లు కాదని తేల్చుకున్నాడు. గడ్డి గింజల కోసం, దుంపల కోసం వీళ్లు పెద్ద పెద్ద తావులకి నీళ్లు పారిస్తున్నారని తన నివేదికలో రాశాడు. శాంతిగా ఉన్నంతకాలం మీ హక్కులకి ప్రభుత్వం అండగా ఉంటుందని వాళ్లకి చెప్పి వెళ్లాడు. అంటే తెలియక జరిగిందేమీ కాదు. రికార్డు ఉంది.

తర్వాత రెండేళ్లకే పశువులు వచ్చాయి. ఉత్తరాన అరోరా అనే గనుల ఊళ్లో మాంసానికి గిరాకీ పెరిగింది. 1861లో శామ్యూల్ బిషప్ లాంటివాళ్లు వందల కొద్దీ గొడ్లను తోలుకొచ్చి లోయలో దింపారు. గొడ్డుకి పచ్చగా ఉన్నది ఏదైనా మేతే. పయూట్‌లు నీళ్లు పెట్టి పెంచుకున్న చెలకల మీద పడ్డాయి. ఆ చలికాలం కాలిఫోర్నియా చరిత్రలోనే భయంకరమైనది. తినడానికి లేక పయూట్‌లు గొడ్లను కొట్టుకు తిన్నారు, సెటిలర్లు కాల్చారు. (సెటిలర్ అన్న మాటకి హైదరాబాద్‌లో ఉన్న అర్థాలు కాసేపు పక్కన పెట్టండి.) 1862 జులై 4న, వాళ్ల స్వాతంత్ర్య దినం నాడు, సైన్యం వచ్చి శిబిరం వేసి దానికి క్యాంప్ ఇండిపెండెన్స్ అని పేరు పెట్టింది. ఇవాళ్టి కౌంటీ ముఖ్యపట్టణం పేరు ఇండిపెండెన్స్ అయ్యింది అందుకే. సైనికులు తుపాకుల కంటే గట్టిగా వాడిన ఆయుధం ఇంకోటుంది, దాచుకున్న తిండి నిల్వల్ని వెతికి తగలబెట్టడం.

1863 జులైలో సుమారు వెయ్యి మంది పయూట్‌లను, ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లతో సహా, ఆ శిబిరం నుంచి సైన్యం కాపలాలో టెహోన్ దగ్గరి రిజర్వేషన్‌కి నడిపించారు. ఆ దారి ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఏసీ కారులో వెళ్లాను కాబట్టి తెలియదు అనడం సరైనది. మొహావీ ఎడారి అంచు వెంబడి జులై ఎండ. చేరేసరికి లెక్కకి వచ్చింది 850 మంది దాకా. మిగిలినవాళ్లలో కొందరు తప్పించుకున్నారు, కొందరు చనిపోయారు. అక్కడ వాళ్లని పోషించే ఏర్పాటూ సరిగా లేదు. కొన్నాళ్లకి చాలామంది తిరిగి లోయకే నడిచి వచ్చేశారు.

వచ్చి చూస్తే ఏముంది? చెలకల చుట్టూ కంచెలు. వాళ్లు తవ్విన కాలువల్లోనే సెటిలర్ల అల్ఫాల్ఫా పొలాలకి నీళ్లు. కాలువ బాగుచెయ్యడానికి కూలీలు కావాలి, ఆ కూలీలు వీళ్లే. ఎవడి కాలువలో వాడే కూలి. కాలిఫోర్నియా గనుల దగ్గర పుట్టి పడమటి రాష్ట్రాలన్నిటా పాకిన ఒక నీటి సూత్రం ఉంది: ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. ఆ సూత్రాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే ఈ లోయలో మొదటి హక్కు ఎవరిదో వేరే చెప్పాలా? మా భాషలో చెప్పాలంటే గిట్ హిస్టరీలో మొదటి కమిట్లన్నీ చెరిపేసి, రెండో మనిషి పేరు మీద రిపాజిటరీ మొదలుపెట్టారు.

1866లో కౌంటీ ఏర్పడింది. ఇన్యో అన్న పేరు మీద కూడా ఒక తిరకాసు ఉంది. పయూట్ నాయకుడు జార్జ్ చెప్పాడనీ, మహాత్మ నివాసం అన్న అర్థమనీ చాలాకాలం నమ్మారు. అది కొండల పేరు కాదు, ఆ నేల ఫలానావాడిది అని అతను చెబితే వీళ్లు పేరనుకున్నారు అనే వాదన ఇంకోటుంది. రెండోదే నిజమైతే, ఇది ఎవరిదీ అన్న ప్రశ్నకి వచ్చిన జవాబునే వినకుండా మ్యాపు మీద ఎక్కించుకున్నారన్నమాట. ఓవెన్స్ అన్న పేరూ అంతే. ఫ్రీమాంట్ 1845 యాత్రలో తన అనుచరుడు రిచర్డ్ ఓవెన్స్ పేరు పెట్టాడు. ఆ యాత్రలో వాళ్లిద్దరూ వేరే దారిన పోయారు, ఈ లోయలోకి వచ్చింది జోసెఫ్ వాకర్ వెంట వచ్చిన పాయ. ఇక అలబామా హిల్స్ పేరు అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్ల యుద్ధనౌక అలబామాది, దక్షిణాది అభిమానులు పెట్టింది. 1864లో దాన్ని ముంచిన ఉత్తరాది నౌక కియర్‌సార్జ్. ఆ వార్త వినగానే ఉత్తరాది అభిమానులు ఎదురుగా ఉన్న గనులకీ శిఖరానికీ కియర్‌సార్జ్ అని పెట్టుకున్నారు. సముద్రం కనుచూపు మేరలో లేని చోట రెండు ఓడలు నూట అరవై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నాయి.

1872 మార్చి 26 తెల్లవారుజామున పెద్ద భూకంపం వచ్చి లోన్ పైన్‌లో 59 ఇళ్లకి 52 కూలిపోయాయి, 27 మంది చనిపోయారు. పచ్చి ఇటుకల గోడలు మరి. అదే ఏడు ఓవెన్స్ సరస్సులో బెస్సీ బ్రేడీ అనే ఆవిరి పడవ దిగింది. సెర్రో గోర్డో గనుల నుంచి వచ్చిన వెండి, సీసం దిమ్మల్ని సరస్సు దాటించడం దాని పని. ఆవలి గట్టు నుంచి రెమీ నాదో కంచరగాడిద బండ్లు వాటిని లాస్ ఏంజెలెస్ చేర్చేవి. ఈ ముక్క నాకు చాలా ఇష్టం. ఎందుకంటే అప్పటి లాస్ ఏంజెలెస్ ఒక చిన్న పట్నం, ఆ బండ్ల వ్యాపారం వల్ల దాని బజారు నిలదొక్కుకుంది. నీళ్లు తాగడానికి నలభై ఏళ్ల ముందే ఆ ఊరు ఇన్యో వెండి తిని పెరిగింది. డెత్ వ్యాలీలో బోరాక్స్ తవ్వకం 1880ల నాటిది. ఇరవై కంచరగాడిదల బండి బొమ్మ ప్రపంచమంతా తిరిగింది గానీ ఆ ఉప్పు గీకిన చైనా కూలీల బొమ్మ డబ్బా మీద ఎక్కలేదు.

ఇప్పుడు తెలిసిన కథకి వద్దాం. లాస్ ఏంజెలెస్ మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్ 1904, 1905ల్లో లోయలో భూములకి బయానాలు ఇస్తూ తిరిగాడు. అదే సమయంలో కేంద్ర ప్రభుత్వపు రిక్లమేషన్ సర్వీస్ ఇక్కడ రైతుల కోసమే ప్రాజెక్టు కడుతుందని అందరూ ఎదురుచూస్తున్నారు. ఆ సర్వీస్ ఇంజనీరు జోసెఫ్ లిపిన్‌కాట్ నగరానికి కూడా సలహాదారు. ఈటన్ ప్రభుత్వం తరఫున వచ్చాడని రైతులు అనుకున్నారు, అతను వాళ్ల భ్రమ పోగొట్టే ప్రయత్నం చెయ్యలేదు. ఇండిపెండెన్స్‌లో భూముల ఆఫీసు రిజిస్ట్రార్ ఇది పసిగట్టి పైవాళ్లకి ఫిర్యాదు రాశాడు. ఆయన పేరు స్టాఫర్డ్ ఆస్టిన్. ఆయన భార్య మేరీ ఆస్టిన్, 1903లో 'ద ల్యాండ్ ఆఫ్ లిటిల్ రెయిన్' రాసిన రచయిత్రి.

మేరీ ఆస్టిన్ పుస్తకం నేను రెండో ప్రయాణానికి ముందు చదివాను. ఈ కౌంటీ మీద వచ్చిన పుస్తకాల్లో ఇప్పటికీ నా లెక్కలో మొదటిది అదే. ఎడారిని 'లేనిది'గా కాకుండా 'ఉన్నది'గా చూస్తుంది. గద్దలు, కొయోట్‌లు తొక్కిన దారుల గురించి, బుట్టలల్లే ఒక పయూట్ ముసలామె గురించి, కాలువ నీళ్ల కోసం తగాదా పడే పొరుగువాళ్ల గురించి రాస్తుంది. పయూట్‌ల మీద కొంచెం రొమాంటిక్ పొగ ఉంది, కాదనను. అయినా ఆ కాలానికి వాళ్లని పేరుపెట్టి మనుషులుగా చూసిన కలం అది.

మరోవైపు డబ్ల్యూ. ఏ. చాల్‌ఫంట్. బిషప్‌లో పత్రికా సంపాదకుడు. 'ద స్టోరీ ఆఫ్ ఇన్యో' 1922లో వేసి, 1933లో పెంచి మళ్లీ వేశాడు. మొదటి సగంలో ఇండియన్ యుద్ధం, చివర నీళ్ల దోపిడీ. నగరం మీద ఆయన కోపం నిజాయితీగలది. చదువుతుంటే మనకీ రక్తం మరుగుతుంది. కానీ ఒకే అట్టల మధ్య ఆ రెండు భాగాలున్నాయి, మొదటిదాన్ని ఆయన నాగరికత రావడానికి పడ్డ కష్టంగా రాశాడు, చివరిదాన్ని అన్యాయంగా రాశాడు. ఒకదాని మీద నుంచి ఇంకోదాన్ని చూడలేదు. నేను ఆయన్ని తిట్టడానికి చెప్పడం లేదు. నష్టపోయినవాడి కథ ఎప్పుడూ తను వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది, నేను మా ఊరి గురించి రాసినా అంతే చేస్తానేమో.

1913 నవంబర్ 5న 233 మైళ్ల కాలువ చివర తూములెత్తి, ఇంజనీరు విలియం మల్‌హాలండ్ ఇదిగో తీసుకోండి అన్నాడు. ఒక్క పంపు లేదు, మొత్తం దూరం వాలు మీదే నీళ్లు పారతాయి. ఇంజనీరుగా నాకు ఆ పని చూస్తే అసూయ కలుగుతుంది, దాచుకోవడం దేనికి. ఆ తర్వాత 1924లో రైతులు కాలువకి డైనమైట్ పెట్టారు. నవంబర్‌లో అలబామా గేట్ల దగ్గర తూములు స్వాధీనం చేసుకుని నీళ్లని నాలుగు రోజులు పాత నదిలోకి వదిలారు. కుటుంబాలతో వచ్చి మాంసం కాల్చుకుని తిన్నారు, దగ్గర్లో షూటింగ్‌లో ఉన్న టామ్ మిక్స్ తన బ్యాండు మేళాన్ని పంపాడు. ఉద్యమాన్ని నడిపిన వాటర్‌సన్ సోదరుల బ్యాంకు 1927లో మూతపడి, లెక్కల్లో మోసం రుజువై ఇద్దరూ జైలుకి వెళ్లారు. దాంతో ఊళ్లవాళ్ల దాచుకున్న డబ్బూ పోయింది, పోరాటమూ ఆగింది. ఓవెన్స్ సరస్సు అప్పటికే ఎండిపోయింది.

హైదరాబాద్‌లో మా ఇంటి కుళాయికి కృష్ణ నీళ్లు నూరు కిలోమీటర్ల పైనుంచి, ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన నల్గొండ మీదుగా వచ్చేవి. మేం తాగాం. అందుకని నగరం దుర్మార్గం అని రాయడానికి నా చెయ్యి కొంచెం ఆగుతుంది.

నీళ్ల కథ చెప్పే పుస్తకాల్లో ఎక్కువభాగం 1927తో ముగుస్తాయి. పయూట్‌లకి ముగియలేదు. 1912లో వాళ్లకని కేటాయించిన దాదాపు 67 వేల ఎకరాలను 1932లో ప్రభుత్వం నగరపు నీటి పరీవాహకం కోసం వెనక్కి తీసుకుంది. 1930ల చివర్లో భూమార్పిడి జరిగింది. వాళ్ల చేతిలో ఉన్న సుమారు 2,900 ఎకరాలకి బదులుగా నగరం ఇచ్చింది దాంట్లో సగం కూడా లేదు. నీటి హక్కు మాత్రం బదిలీ కాలేదు, నీళ్ల హక్కులు అమ్మడానికి నగర చార్టర్ ఒప్పుకోదట. ఇవాళ కౌంటీలో ప్రైవేటు భూమి రెండు శాతం లోపే. తొంభై శాతం పైన కేంద్ర ప్రభుత్వానిది. రెండున్నర లక్షల ఎకరాలు లాస్ ఏంజెలెస్‌వి.

ఆ నగరపు భూమిలోనే, ఒకప్పుడు ఆపిల్ తోటలున్న మంజనార్ అనే చోట, 1942లో పదివేల మంది జపనీస్ అమెరికన్లను ముళ్లకంచెల వెనక పెట్టారు. అప్పటి కౌంటీ జనాభా కన్నా అది ఎక్కువ. స్పానిష్‌లో మంజానా అంటే ఆపిల్. ఆపిల్ కన్నా ముందు అక్కడి వాగు పక్కన ఉన్నది జార్జ్ మనుషులు. ఆ వాగు పేరు ఇప్పటికీ జార్జెస్ క్రీక్. బందీలు ఆ ఇసుకలో రాళ్లు పేర్చి చెరువులు, తోటలు కట్టుకున్నారు. రెండోసారి వెళ్లినప్పుడు అవి చూశాను. నీళ్లు లేవు గానీ రాళ్ల పేర్పు అలాగే ఉంది.

ఎండిన సరస్సు దేశంలోనే అతి పెద్ద దుమ్ము మూలాల్లో ఒకటిగా మారింది. కోర్టులూ, కాలుష్య మండలీ వెంటపడగా ఇప్పటికి లాస్ ఏంజెలెస్ 200 కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టి అక్కడ గులకరాళ్లు పరిచి, పలచగా నీళ్లు పారించి దుమ్ముని అణిచిపెడుతోంది. నీళ్లు కొంచెం తిరిగొచ్చిన చోటికి పక్షులూ వచ్చాయి. ఆ పనుల్లోనే, సరస్సు అడుగున ఒక చోట పాత తుపాకీ గుళ్లు, సైనికుల కోటు బొత్తాలు, పయూట్‌ల వస్తువులు బయటపడ్డాయని 2013లో వార్త వచ్చింది. 1863లో సైనికులు, సెటిలర్లు తరిమితే సరస్సులోకి దిగిన 35 మంది దాకా పయూట్‌లు చనిపోయిన చోటు అదే కావచ్చని అన్నారు. సరస్సు నిండుగా ఉండుంటే ఆ బొత్తాలు ఎవరికీ దొరికేవి కావు.

నా ఫోన్‌లో ఆ మొదటి ఫొటో ఇంకా ఉంది. మా గ్రూపులో కింద రాసిన మాట చెరపడానికి లేదు, గడువు దాటిపోయింది. ఈ మధ్య అదే ఫొటో మళ్లీ పెట్టి, కింద సరస్సుకి పయూట్‌లు పెట్టుకున్న పేరు ఒక్కటి రాశాను: పాట్సియాటా. అంటే ఏంట్రా అని నాన్న అడిగారు. ఫోన్ చేసి నీరుగంటి దగ్గర నుంచి మొదలుపెట్టాను.